అలిగిన గూడబాతు

ఆ రోజు నేను చేసిన తప్పు మొదటే చెప్పేస్తాను. చనిపోయిన మా బావ చేతిపనిని మసి అనుకున్నాను. చింతపండు పెట్టి తోమాను. పోకపోతే గరుకు కాగితం తీసుకుని గీకేశాను. ఎవరూ చేయమనలేదు. అదేమిటో తెలిసిన మనిషి పది అడుగుల దూరంలో, పెరట్లోనే కూర్చుని ఉంది. ఆమెను ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు.

ఆమె మా అప్ప, ఆ బావ భార్య. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. వాళ్లది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. కొబ్బరి, జీడితోట ఉన్న కుటుంబం. కానీ మా బావకి తోట మీద ఎప్పుడూ మనసు లేదు. పలాసలో లైటింగు షాపు పెట్టుకుని పెళ్లిళ్లకీ, అమ్మవారి సంబరాలకీ దీపాల బోర్డులు కట్టేవాడు. నేను కొన్నేళ్లు ఆయన దగ్గరే పని చేశాను. వెదుళ్లు పాతడం, వైర్లు లాగడం, జనరేటరు చూసుకోవడం నా వంతు. తర్వాత టెక్కలిలో సొంతంగా ఎలక్ట్రికల్ షాపు తెరిచాను. ఇప్పుడు ఎల్‌ఈడీ దండలు అమ్ముకుని బతుకుతున్నాను. బావ పనిని పనికిరాకుండా చేసిన సరుకు అదే.

ఆ బోర్డుల సంగతి తెలియని వాళ్లకి కొంచెం చెప్పాలి. పెద్ద చట్రం మీద రంగు బల్బులతో బొమ్మ గీస్తారు. ఆ బొమ్మ కదలాలంటే బల్బులు వరసగా వెలిగి ఆరాలి. దానికి వెనకాల ఒక చెక్క రోలరు ఉంటుంది. రోలరుకి ఇత్తడి రేకు చుట్టి ఉంటుంది. చిన్న మోటారు దాన్ని మెల్లగా తిప్పుతుంది. దాని మీద సన్నటి ఇత్తడి పట్టీలు వరసగా ఆనుకుని ఉంటాయి. మా బావ వాటిని వేళ్లు అనేవాడు. వేలు ఇత్తడిని తాకితే దాని వంతు బల్బులు వెలుగుతాయి, తాకకపోతే ఆరిపోతాయి. అందరూ ఇత్తడిని ముక్కలుగా కత్తిరించి, మధ్యలో చెక్క వదిలేసేవాళ్లు. ఇప్పుడు ఆ పనంతా గోరంత చిప్పు చేస్తుంది. రోలర్లన్నీ పొయ్యిలోకి పోయాయి.

మా బావ చేసిన వాటిలో మిగిలింది ఒక్కటే, గూడబాతుల బోర్డు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా ఎక్కడెక్కడి నుంచో ఈ పొడుగు ముక్కు పక్షులు వచ్చి చెట్ల మీద గూళ్లు కడతాయి. పెళ్లయిన కొత్తలో బావ అప్పను సైకిలు మీద అక్కడికి తీసుకెళ్లాడట. ఆ తర్వాత ఎప్పుడో ఈ బోర్డు చేశాడు. ఎడమ పక్క నుంచి గూడబాతుల గుంపు రెక్కలాడిస్తూ వస్తుంది. కుడి పక్కనున్న చింతచెట్టు మీద ఒక్కొక్కటే వాలుతుంది. చెట్టంతా సద్దుమణిగాక, చివరగా ఒక పక్షి ఒంటరిగా వస్తుంది. ఆలస్యంగా వచ్చిన మొగుడన్నమాట. గూట్లో ఉన్న ఆడపక్షి దాన్ని చూసి మొహం అటు తిప్పేసుకుంటుంది. మగపక్షి ముక్కు వంచుతుంది, మళ్లీ వంచుతుంది. ఆడపక్షి ఎంతకీ తిరగదు. చివరికి తిరుగుతుంది. అప్పుడు దీపాలన్నీ మెల్లగా ఆరిపోతాయి.

ఇది వెలిగిన ప్రతి ఊళ్లోనూ జనం అక్కడ విరగబడి నవ్వేవాళ్లు. ఆడవాళ్లు పక్కనున్న మొగుళ్లని మోచేత్తో పొడిచేవాళ్లు. సంబరాల రోజుల్లో బావ ఏనాడూ వేళకి ఇంటికి చేరలేదు. అప్ప తలుపు తీసేది, అన్నం పెట్టేది, మాట్లాడేది మాత్రం కాదు. ఆ ఆడపక్షి ఎవరో మా బంధువులందరికీ తెలుసు.

బావని కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. మా ఉద్దానంలో వీధివీధినా ఉన్న జబ్బే, ఈ మాటకి ఎవరూ ఆశ్చర్యపోరు. తర్వాత అప్పకీ అదే వచ్చింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు పలాస వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. బోర్డు మాత్రం వాళ్ల జీడిపిక్కల షెడ్డులో, గోనెల వెనకాల నిలబెట్టి ఉంది. తుఫానుకి షెడ్డు రేకులు ఎగిరిపోయి బల్బులు చాలా పగిలాయి. రోలరు గోనెల కింద ఉండి బతికింది.

ఒక రోజు నేను చూడటానికి వెళ్తే, ఆసుపత్రి నుంచి వచ్చి పడుకున్న అప్ప అడిగింది. "ఒరే తమ్ముడా, ఈ ఏడు సంబరానికి మీ బావ బోర్డు ఎలిగించరాదేటిరా? ఒక్కపాలి సూత్తాను. పై ఏడు సంగతి నాకు తెల్దు."

తన జబ్బు గురించి అప్ప నోరు తెరిచి చెప్పడం నాకు తెలిసి అదే మొదలు. సరే అన్నాను.

నా షాపులో ఉన్నవి ఎల్‌ఈడీలే కాబట్టి ముందు వాటితోనే ఒక పక్షిని కట్టి చూపించాను. అప్ప కాసేపు చూసి, "ఇది ఎగరడం నేదురా. ఎవుడో రాయెట్టి కొట్టినట్టు ఉలిక్కిపడతంది" అంది. నిజమే. పాత బల్బు వెలిగేటప్పుడు ఎర్రబడి, పసుపై, ఆరేటప్పుడు కాస్త ఆలోచిస్తుంది. కొత్తది ఆలోచించదు. దాంతో పాత బల్బుల కోసం తిరిగాను. కోటబొమ్మాళి సంతలో, ఇచ్ఛాపురంలో, బరంపురంలో మూతబడే షాపుల అటకల మీద వెతికాను. నవ్విన వాళ్లే ఎక్కువ. దొరికిన వాటిని రంగులో ముంచి, ఆరబెట్టి, ఒక్కొక్కటే బిగించాను. ఆ పని మీద నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. ఆ గర్వమే తర్వాత నా కళ్లు మూసిందనుకుంటాను.

సంబరం కమిటీలో వరసకి నాకు మావ అయ్యే ఆయన ఉన్నాడు. ఆయన షెడ్డుకి వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఏటి అల్లుడా, ఇంకా ఈ మాడు బల్బులేటి? పిక్సెల్ బోర్డుకి అడ్వాన్సు ఇచ్చీసినాం. అందులో పిట్టలేటి, ఇమానాలే ఎగుర్తాయి."

"ఇమానాలు అలుగుతాయేటి మావా?"

"అలిగితే దిగవు మరి! జనం సచ్చూరుకుంతారు." నవ్వి, మళ్లీ షెడ్డు గుమ్మం వైపు చూశాడు. అప్ప అక్కడే నిలబడి ఉంది. "సర్లే, మా చెల్లి కోసం ఒక గంట ఎలిగించుకో. పెద్ద బోర్డు పక్కన నిలబెడతాం."

ఆయన చెల్లి అన్నది అప్పనే. మా ఊళ్లలో వరసలు ఎటు తిప్పినా కలుస్తాయి.

సంబరానికి ముందు రోజు మా వైపు ప్రతి ఇంట్లోనూ ఇత్తడి తోముతారు. అమ్మవారి ముందుకి వెళ్లే వస్తువేదైనా మసి లేకుండా మెరవాలి. ఆ పొద్దున పెరట్లో అప్ప, పక్కింటి ఆడవాళ్లు చెంబులూ పళ్లేలూ ముందేసుకుని కూర్చున్నారు. నేను షెడ్డులో రోలరుని బయటికి తీసి చూశాను. ఇత్తడి రేకు మీద నల్లగా, జిగురు ఎండినట్టుగా పూతలు, గీతలు, చుక్కలు. జీడిపిక్కలు కాల్చే చోట ఉన్న వస్తువు. అక్కడ గోడలు నలుపు, దూలాలు నలుపు, తలుపు గొళ్లెం కూడా నలుపే. పిక్కల పొగ పట్టిందనుకున్నాను. పైగా రేపు అమ్మవారి ముందు తిరిగేది. పెరట్లోంచి చింతపండు ముద్ద తెచ్చి తోమాను. ఇత్తడి మెరిసింది గానీ నలుపు కదల్లేదు. షాపు నుంచి తెచ్చిన గరుకు కాగితం ఉంది. కుడి చివర నుంచి మొదలుపెట్టాను. సగం దాకా వచ్చేసరికి చేతులు లాగాయి. మిగతాది భోజనం చేశాక చూద్దామనుకున్నాను. తిన్నాక కమిటీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. ఆ సగం అలా మిగిలింది. నా మంచితనం వల్ల కాదు.

మసక చీకటి పడ్డాక బోర్డు వెలిగించి చూద్దామన్నాను. అప్ప ఒక గోనె మీద కూర్చుంది. పైట సర్దుకుంది, ఎవరో వస్తున్నట్టు.

మోటారు తిరిగింది. ఎడమ పక్క గూడబాతులు రెక్కలాడిస్తూ వచ్చాయి. ఎంత బాగా వచ్చాయో చెప్పలేను. అప్ప గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. కానీ కుడి పక్కన చింతచెట్టు అప్పటికే భగ్గుమని వెలుగుతోంది. వాలాల్సిన పక్షులన్నీ ముందే వాలి ఉన్నాయి. రావాల్సిన మగపక్షి వచ్చేసి ఉంది. ఆడపక్షికి రెండు తలలు, ఇటు ఒకటి, అటు ఒకటి, రెండూ వెలుగుతున్నాయి. ఏదీ ఆరదు, ఏదీ కదలదు. గుంపు మళ్లీ వచ్చింది, మళ్లీ ఆ మంటలోకి వెళ్లి మాయమైంది.

నేను గీకిన సగం అది. అప్పుడు తెలిసింది నాకు. బావ ఇత్తడిని కత్తిరించలేదు. రేకు మొత్తం చుట్టేసి, ఆరాల్సిన చోటల్లా జీడిపిక్క తొక్కల నూనెను కుంచెతో పూశాడు. ఆ నూనె ఎండితే కరెంటుని పోనివ్వదు. చుక్కలు పెట్టిన చోట రెక్కలు అల్లాడతాయి. పొడుగ్గా పూసిన చోట పక్షి ఆగి ఉంటుంది. బొమ్మ అసలు బోర్డు మీద లేదు, రోలరు మీద ఉంది. ఆ నూనె చర్మం మీద పడితే పొక్కుతుంది. బావ చేతులు ఎప్పుడూ పొక్కి, నల్లబడి ఉండేవి. తోటలో పని చేశాడేమో అనుకునేవాణ్ని. అన్నేళ్లు పక్కనే ఉండి, ఆ చేతులేం చేస్తున్నాయో ఒక్కసారి వెళ్లి చూడలేదు.

"అదేటిరా, అలగడం నేదు?" అంది అప్ప.

"మోటారు స్పీడు తేడాగా ఉందప్పా. సూత్తాను."

అబద్ధం అంత సులువుగా వచ్చింది. అప్ప లేచి బోర్డు వెనక్కి వచ్చింది. రోలరు వైపు చూసింది. సగం నలుపు, సగం కొత్త చెంబులాగ మెరుపు.

"ఇదేటి, మెరుస్తంది?"

ఇంక దాచలేకపోయాను. "మసి అనుకున్నానప్పా. నానే గీకీసినాను."

అప్ప రోలరు మెరిసే చోట వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "ఫొటో ఉంది. బట్టలున్నాయి. ఆడి ఎటకారం ఇదొక్కటే మిగిలింది నాకు. దాన్నీ తోమీసినావా."

"మళ్లీ పూత్తానప్పా. నూనె తెస్తాను."

"నానెలగ అలుగుతానో నీకేటి తెలుసురా?"

చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషి. తెలియదు.

మర్నాడు కమిటీ మావ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఏదో వేళాకోళం మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. ఆ సాయంత్రం పిక్సెల్ బోర్డు మీద విమానాలు, పువ్వులు, దేవుళ్లు, జెండాలు వచ్చిపోయాయి. బాగానే ఉంది, అబద్ధం చెప్పను. అప్ప గుమ్మం దాటి రాలేదు.

అప్పటి నుంచి ఆసుపత్రి రోజుల్లో షాపు మా ఆవిడకి అప్పజెప్పి, అప్పను నేనే తీసుకెళ్లడం మొదలుపెట్టాను. అంతవరకూ ఆమె ఊళ్లోవాళ్లతో ఆటోలో సర్దుకుని వెళ్లేది. అది కూడా నాకు ఆ తర్వాతే తెలిసింది. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పనిచేసే తెలిసినాయన దగ్గర ఒక సీసా నూనె తెచ్చుకున్నాను. రోలరు జోలికి వెళ్లకుండా, వేరే రేకు ముక్కల మీద పూయడం నేర్చుకున్నాను. చేతులకి కొబ్బరినూనె రాసుకోవాలని తెలిసేలోపు రెండు వేళ్లు పొక్కాయి. గీకని సగం మీద పల్చటి కాగితం చుట్టి, బావ పూతల్ని చుక్క చుక్కా పెన్సిలుతో దింపుకున్నాను. ఆయన చెయ్యి ఎలా నడిచేదో కొంచెం అర్థమైంది. గుంపు వరకూ అర్థమైంది. అలక అర్థం కాలేదు.

అప్పని అడిగితే, "నాకేటి తెల్దు, పో" అనేది. ఎలా తిప్పేది మొహం, మెల్లగానా, విసురుగానా అంటే, "నా మొహం నాకెలగ కనబడతాదిరా తెలివితక్కువోడా" అనేది. ఆ తిట్టు కూడా నాకు కొంత ఊరటే. సంబరం తర్వాత చాలా రోజులు తిట్టడం కూడా మానేసింది మరి.

ఒక మధ్యాహ్నం పలాస నుంచి తిరిగి వస్తున్నాం. సుమ్మాదేవి దారిలో రైలు గేటు పడింది. ఎండ మండిపోతోంది. గేటు పక్కన కొబ్బరిబొండాలు అమ్ముతున్నారు. నేను దిగి, ఒకటి కొట్టించుకుని, ఆటో పక్కనే నిలబడి గటగటా తాగాను. సగం తాగాక గుర్తొచ్చింది. కొబ్బరితోట ఉన్న మనిషి, బొండం నీళ్లు ముట్టకూడదని డాక్టరు చెప్పిన మనిషి, గుక్కెడు మామూలు నీళ్లకి కూడా లెక్క చూసుకునే మనిషి, లోపల కూర్చుని నన్నే చూస్తోంది.

"అప్పా..." అన్నాను.

అప్ప మొహం తిప్పుకుంది. ఒక్కసారిగా కాదు. ముందు కళ్లు పోయాయి, తర్వాత గడ్డం, చాలాసేపటికి మెడ. నేను బొండం పారేసి, ఆటోలోకి వంగి, "మర్చిపోనానప్పా" అన్నాను. అప్పుడు కంటి చివర నుంచి ఒక్క క్షణం నా వైపు చూసి, నేనింకా అక్కడే ఉన్నానని నిర్ధారించుకుని, మళ్లీ అటు తిరిగింది. ఈసారి విసురుగా.

బోర్డు మీద అదే ఉండేది. మధ్యలో ఆ దొంగచూపు. జనం నవ్వేది సరిగ్గా అక్కడే. ఎన్ని ఊళ్లలో చూశానో, ఎప్పుడూ జనరేటరు దగ్గర నిలబడి నవ్వు విన్నానే తప్ప, దేనికి నవ్వుతున్నారో మనసుపెట్టి చూడలేదు.

"అప్పా, ఇప్పుడు నివ్వు సేసినావు సూడు, అదే!"

"ఏటి సేసినాను? నోరు ముయ్యి. అందరూ సూత్తన్నారు." కానీ ఇటు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి, పెదవి చివర నవ్వు కూడా ఉంది.

ఆ వారమే రోలరు మీద కుంచె పెట్టాను. ఒక్క పక్షి పూయడానికి, ఆరడానికి, తిప్పి చూడటానికి, గీకి మళ్లీ పూయడానికి రోజులు పట్టాయి. అప్ప ఓపికున్న రోజు షెడ్డులో గోనె మీద కూర్చునేది. ఓపిక లేని రోజు రోలరుని మంచం దగ్గరికి తీసుకెళ్లి, చేత్తో తిప్పుతూ, ఇక్కడా, ఇక్కడా అని అడిగేవాణ్ని. బల్బులు ఎక్కువసేపు వెలిగించొద్దనేది. మాడిపోతే మళ్లీ దొరకవని ఆమెకీ తెలుసు.

పూర్తయ్యాక ఒక సాయంత్రం వెలిగించాను. మేమిద్దరమే. గుంపు వచ్చింది, అది బావది. చెట్టు మీద వాలింది, అది నాది. తేడా నాకే తెలుస్తోంది. నా పక్షులు కొంచెం భయంభయంగా వాలతాయి. చివరి పక్షి వచ్చింది. ఆడపక్షి తల తిప్పుకుంది, దొంగచూపు చూసింది, మళ్లీ తిప్పుకుంది. మగపక్షి ముక్కు వంచింది. మళ్లీ వంచింది. ఆడపక్షి తిరిగింది. దీపాలు ఆరాయి.

చీకట్లో అప్ప వైపు తిరిగాను.

"బాగోనేదా అప్పా?"

"బాగుంది. గాని యేగిరం తిరిగిపోనాదిరా. మీ బావయితే ఇంకా బతిమాలీవోడు. నానలగ తిరిగిపోయీదాన్ని కాదు."

మళ్లీ వెలిగించమనలేదు. లేచి, గోడ పట్టుకుని ఇంట్లోకి వెళ్లింది.

మర్నాడు టెక్కలి వెళ్లలేదు. పొద్దున్నే చేతులకి కొబ్బరినూనె రాసుకుని షెడ్డులో కూర్చున్నాను. ఆడపక్షి తల మళ్లీ ఇటు తిరిగే చోట నల్లపూతని బొటనవేలంత ముందుకి పొడిగించాను. మగపక్షి ముక్కు మరో నాలుగుసార్లు వంగేలా ఆ వరసలో కొత్త చుక్కలు పెట్టాను.